డ్యూక్ బాస్కెట్‌బాల్ స్టేడియం అంత ఇరుకెందుకు? అగ్గిపెట్టె కథలో నిజమెంత?

అడిగిన ప్రశ్న ఇది: "మా తమ్ముడికి డ్యూక్ యూనివర్సిటీలో ఎమ్మెస్ సీటు వచ్చింది. అక్కడ చదివినవాళ్లంతా చదువు సంగతి పక్కనపెట్టి క్యామెరన్, క్యామెరన్ అంటున్నారు. వీడియోలో చూస్తే మా ఊరి కల్యాణ మండపం కంటే కాస్త పెద్దదిగా ఉంది, అంతే. అంత పేరున్న జట్టుకి అంత ఇరుకు స్టేడియం ఏమిటి? దాని ప్లాన్ అగ్గిపెట్టె మీద గీశారట, నిజమేనా? మావాడికి టికెట్ దొరుకుతుందా?"

నేను డ్యూక్ ఉన్న ఊరు, నార్త్ కరోలినా రాష్ట్రంలోని డర్హమ్‌లో దిగి ఇరవై ఏళ్లు దాటింది. చదివింది అక్కడే. ఇప్పుడు చేసే ఉద్యోగం బిల్డింగుల డిజైన్‌లో. అందుకని ఈ కట్టడం మీద నాకు ఆట పిచ్చి ఒకటి, గోడల పిచ్చి ఒకటి, రెండూ ఉన్నాయి. జవాబు పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

మొదటి సంగతి. క్యామెరన్‌ని ఎవరూ చిన్నదిగా కట్టలేదండీ. 1940 జనవరి 6న తలుపులు తెరిచినప్పుడు అందులో 8,800 మంది పట్టేవాళ్లు. ఫిలడెల్ఫియాలో పలెస్ట్రా అని 1927లో కట్టిన హాలు ఉంది. దానికి దక్షిణాన ఇంత పెద్ద బాస్కెట్‌బాల్ హాలు అప్పట్లో లేదు. ఆ రోజు ప్రిన్‌స్టన్ జట్టుతో మ్యాచ్. ఎనిమిది వేల మంది వచ్చారు. డ్యూక్ 36-27తో గెలిచింది. ఆ స్కోరు చూసి నవ్వకండి, ఆ రోజుల్లో ఆట అంతే నెమ్మదిగా సాగేది. ఇంత పెద్ద హాలు కాలేజీ కుర్రాళ్ల బాస్కెట్‌బాల్‌కి దేనికని గొణిగినవాళ్లు అప్పుడు ఉన్నారు. అసలు ప్లాన్ గీసిన ఆర్కిటెక్టుల ఆఫీసే 8,000 సీట్లంటే కాస్త ఎక్కువేమోనని యూనివర్సిటీకి రాసింది. యేల్ వాళ్ల కొత్త జిమ్‌లో 1,600 సీట్లే ఉన్నాయని కూడా గుర్తు చేసింది. చుట్టుపక్కల కాలేజీలన్నీ తర్వాత పెద్దపెద్దవి కట్టుకున్నాయి, ఇది అలాగే ఉండిపోయింది. మీకు ఇరుగ్గా కనిపించడానికి కారణం అదీ.

ఇక అగ్గిపెట్టె. 1935లో బాస్కెట్‌బాల్ కోచ్ ఎడ్డీ క్యామెరన్, ఫుట్‌బాల్ కోచ్ వాలెస్ వేడ్ ఇద్దరూ కూర్చుని, అగ్గిపుల్లల అట్ట వెనకాల ఈ స్టేడియం బొమ్మ గీశారని కథ. (ఆ రోజుల్లో అమెరికాలో అగ్గిపుల్లలు మడతపెట్టిన అట్టముక్కలో వచ్చేవి. మన చీతా ఫైట్ పెట్టె లాంటిది కాదు.) ఆ అట్ట ఏనాడూ బయటపడలేదు. యూనివర్సిటీ వాళ్లు కూడా దీన్ని ఐతిహ్యం అనే చెబుతారు. నా లెక్కలో అది జరిగినా జరిగి ఉండొచ్చు. ఇద్దరు కోచ్‌లు సిగరెట్ల ఊళ్లో కూర్చుంటే చేతికందే కాగితం అగ్గిపుల్లల అట్టే కదా. కానీ అట్ట మీద గీతలు గీస్తే బిల్డింగ్ లేవదు. ఉక్కు ఫ్రేములు ఎంత దూరానికొకటి ఉండాలి, ఎనిమిది వేల మంది ఏ మెట్ల మీదుగా ఎక్కి ఏ తలుపులోంచి బయటపడాలి, రాతిగోడ ఎంత మందం పెట్టాలి, ఇవన్నీ బల్ల మీద గీయాలి. అది గీసినాయన సంగతే నాకు అసలు కథ. ఏళ్ల తరబడి టీవీ వ్యాఖ్యాతలు అట్ట కథ చెప్పారు, ఈయన కథ చెప్పలేదు. కాస్త ఆగండి, ఆయన దగ్గరికి వస్తాను. ముందు డబ్బు ఎక్కడిదో చెప్పాలి, ఎందుకంటే అందులో మన ఊళ్లు కూడా కొంచెం ఉన్నాయి.

మాది టంగుటూరు వైపు. చిన్నప్పుడు మా ఇంటి వెనక పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో కాల్చే గది) ఉండేది. రాత్రంతా పొయ్యిలో మంట ఎక్కకుండా, తగ్గకుండా మా నాన్న మేలుకుని కాచుకునేవాడు. ఒక్క గంట కునుకు తీస్తే ఆకు రంగు పోయేది, రంగు పోతే వేలంలో రేటు పోయేది. డర్హమ్‌కి వచ్చిన కొత్తలో డౌన్‌టౌన్‌లో పాత ఇటుక గిడ్డంగులు చూశాను. ఒకదాని పేరు బ్రైట్‌లీఫ్. మన దగ్గర వర్జీనియా పొగాకు అంటామే, దాని అసలు పేరు అదే. ఆకు పసుపుపచ్చగా వచ్చేలా కాల్చే పద్ధతి డర్హమ్‌కి ఉత్తరాన కాస్వెల్ కౌంటీలో 1839లో బయటపడింది. స్లేడ్ అనే ఆసామి తోటలో స్టీఫెన్ అనే బానిస ఉండేవాడు. బ్యారన్ దగ్గర కాపలా ఉన్న రాత్రి అతను నిద్రపోయాడు. లేచేసరికి మంట ఆరిపోతోంది. కంగారుపడి కొలిమి దగ్గరి బొగ్గులు తెచ్చి వేశాడు. ఆ వేడికి ఆకు బంగారం రంగుకి తిరిగింది. ఆ కథ విన్నరోజు మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "మరి నేను నిద్రపోయినప్పుడల్లా ఆకు మాడిపోయిందే" అన్నాడు.

ఆ ఆకు మీద లేచిన సంపదే డ్యూక్ కుటుంబానిది. జేమ్స్ బి. డ్యూక్ అమెరికన్ టొబాకో కంపెనీని నడిపాడు. 1902లో ఇంగ్లండ్ కంపెనీతో కలిసి బ్రిటిష్ అమెరికన్ టొబాకో పెట్టాడు, దానికి తొలి ఛైర్మన్ ఆయనే. ఆ కంపెనీ కిందే 1910లో కలకత్తాలో పుట్టింది ఈనాటి ఐటీసీ. గుంటూరు, చీరాల వైపు పెద్దవాళ్లు ఐఎల్‌టీడీ కంపెనీ అనేవాళ్లు చూడండి, మన రైతులకి వర్జీనియా పొగాకు అలవాటు చేసింది, అది కూడా ఆ గూటి పక్షే. అలాగని మా నాన్న బ్యారన్ డబ్బుతో క్యామెరన్ కట్టారని నేను అననులెండి. ఆ చివర ఒక రైతు, ఈ చివర ఒక కాలేజీ ఉన్న తాడు ఒకటే అంటున్నాను.

1924 డిసెంబర్‌లో జేమ్స్ డ్యూక్ నాలుగు కోట్ల డాలర్లతో ఒక నిధి పెట్టాడు. డర్హమ్‌లో ఉన్న ట్రినిటీ కాలేజీ దాంతో డ్యూక్ యూనివర్సిటీ అయింది. ఏడాది తిరక్కముందే ఆయన పోయాడు, కానీ పని ఆగలేదు. అడవి కొట్టి, పాత ఇంగ్లిష్ కాలేజీల తరహాలో కోణాల తోరణాలు, బురుజులతో వెస్ట్ క్యాంపస్ లేపారు. రాయి పక్కనున్న హిల్స్‌బరో క్వారీది. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో రాయిది ఒక్కో రంగు: బూడిద, నీలం, తుప్పు, ఆకుపచ్చ. స్టేడియం బయటి గోడలూ అదే రాయి. అందుకే దూరం నుంచి చూస్తే అది ఆటల హాలులా ఉండదు, లైబ్రరీయో చర్చో అనుకుంటారు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు లోపలికి వెళ్లే ముందు చెప్పులు విప్పాలా అని అడిగింది.

స్టేడియానికి మాత్రం ఆ నిధి డబ్బు కాకుండా చాలావరకు ఫుట్‌బాల్ డబ్బే కలిసొచ్చింది. (ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, చేత్తో పట్టుకుని పరిగెత్తేది.) 1938లో వేడ్ కోచ్‌గా ఉన్న డ్యూక్ జట్టు సీజన్ మొత్తంలో ఎదుటి జట్టుకి ఒక్క పాయింటు ఇవ్వలేదు. సీజన్ ముగిశాక ఆడే రోజ్ బౌల్ మ్యాచ్‌కి కాలిఫోర్నియా వెళ్లి, చివరి నిమిషంలో 7-3తో ఓడిపోయింది. ఓడినా పాల్గొన్నందుకు వాటా వచ్చింది. ఆ డబ్బుతో ధైర్యం చేసి 1939లో పని మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండా ముగించారు. ఖర్చు నాలుగు లక్షల డాలర్లు. మిగిలిన అప్పు తీరింది 1945 షుగర్ బౌల్ రాబడితో. వేడ్ యుద్ధానికి వెళ్లాక ఆ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ ఎవరనుకున్నారు? మన అగ్గిపెట్టె కథలోని రెండో మనిషి, ఎడ్డీ క్యామెరనే. అలబామాని 29-26తో ఓడించి తన స్టేడియం అప్పు తనే తీర్చుకున్నట్టు. అప్పటికి దాని పేరు డ్యూక్ ఇండోర్ స్టేడియం. క్యామెరన్ పేరు పెట్టింది 1972 జనవరి 22న. ఆ సాయంత్రం దేశంలో మూడో ర్యాంకులో ఉన్న పక్క ఊరి నార్త్ కరోలినా యూనివర్సిటీ జట్టుని 76-74తో ఆఖరి క్షణాల్లో కొట్టారు. పేరు పెట్టిన రోజే అలాంటి గెలుపు వస్తే ఆ పేరు ఇక ఎవరు మారుస్తారు చెప్పండి.

ఇప్పుడు గీసిన మనిషి దగ్గరికి వద్దాం.

ప్లాన్ల మీద ఉన్న పేరు ఫిలడెల్ఫియాలోని హొరేస్ ట్రంబావర్ ఆఫీసుది. ట్రంబావర్ కోటీశ్వరులకి భవనాలు కట్టించే పేరున్న ఆర్కిటెక్ట్, కానీ పెద్దగా చదువుకోలేదు. ఆయన ఆఫీసులో 1909 నుంచి ముఖ్య డిజైనర్ జూలియన్ ఏబెల్. 1881లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. 1902లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి ఆర్కిటెక్చర్ పట్టా తీసుకున్నాడు. ఆ విభాగంలో పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. హార్వర్డ్‌లో వైడెనర్ లైబ్రరీ, ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం, వీటన్నిటి వెనకా ఆయన చెయ్యి ఉంది. డ్యూక్ క్యాంపస్ అయితే చాలావరకు ఆయనదే. 210 అడుగుల చాపెల్ (క్యాంపస్ చర్చి) గోపురం, లైబ్రరీ, హాస్టళ్లు, ఆసుపత్రి, చివరికి ఈ స్టేడియం. 1938లో ట్రంబావర్ పోయాక ఏబెల్, ఇంకో సహచరుడు కలిసి ఆఫీసు నడిపారు. అప్పుడు కూడా బోర్డు మీద ట్రంబావర్ పేరే ఉంచారు. స్టేడియం కట్టింది ఆ రోజుల్లోనే, అంటే యజమాని చనిపోయాక, ఏబెల్ బాధ్యతలోనే.

నార్త్ కరోలినాలో అప్పుడు నల్లవాళ్లకి వేరే బడి, వేరే బస్సు సీటు, వేరే మంచినీళ్ల కుళాయి. ఏబెల్ గీసిన క్లాసుల్లో ఏబెల్ జాతివాళ్లు కూర్చోడానికి వీల్లేదు. తను గీసిన క్యాంపస్‌ని ఆయన ఒక్కసారి కూడా చూడలేదని కుటుంబంలో చెప్పుకునేవారు. ఒకసారి డర్హమ్ వెళ్తే హోటల్లో గది ఇవ్వలేదని ఆయనే తనతో అన్నట్టు ఒక మిత్రుడు చెప్పాడు. ఈ రెండిట్లో ఏది నిజమైనా నాకు పెద్ద తేడా కనిపించదు. నేను నా డ్రాయింగుల మీద కట్టిన బిల్డింగ్ పూర్తయ్యాక ఒకసారి వెళ్లి గోడ మీద చెయ్యి వేసి వస్తాను. ఈ వృత్తిలో అందరికీ ఉండే అలవాటే అది. ఆ ఒక్కపని చేయలేకపోవడం, లేదా చేయబోయి హోటల్ గుమ్మం దగ్గర ఆగిపోవడం ఎలా ఉంటుందో నాకు బాగానే ఊహకి అందుతుంది. ఊరి గుడికి రాళ్లు చెక్కి, ఆ గుడి గడప తొక్కలేని మనుషుల సంగతి మనకి ఎవరో చెప్పాలా?

ఏబెల్ 1950లో కన్నుమూశాడు. డ్యూక్‌లో నల్లజాతి విద్యార్థులకి పీజీ కోర్సులు తెరిచింది 1961లో, డిగ్రీ కోర్సులు 1963లో. ఆ ఏడాది చేరినవాళ్లు అయిదుగురు. క్యామెరన్ కోర్టు మీద డ్యూక్ బనియను వేసుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు సి. బి. క్లెయిబోర్న్, 1965లో ఇంజినీరింగ్‌లో చేరాడు. జట్టు సన్మాన విందు తెల్లవాళ్లకి మాత్రమే ప్రవేశమున్న క్లబ్బులో పెట్టారు, ఆయన దానికి వెళ్లలేకపోయాడు. 1969 ఫిబ్రవరిలో నల్లజాతి విద్యార్థులు యూనివర్సిటీ పరిపాలనా భవనాన్ని ఆక్రమించినప్పుడు ఆ గుంపులో ఆయనా ఉన్నాడు.

ఇదే ఊళ్లో, స్టేడియం తెరిచిన నాలుగేళ్లకే, ఇంకో మ్యాచ్ జరిగింది. క్యామెరన్‌లో కాదు, కాకూడదు కూడా. 1944 మార్చి 12, ఆదివారం ఉదయం. ఊరంతా చర్చిలో ఉంది. డ్యూక్ మెడికల్ కాలేజీలో చదువుతున్న మిలిటరీ కుర్రాళ్ల జట్టు, మంచి ఆటగాళ్లు, కార్లలో తిరుగుదారుల్లో వెళ్లి నల్లవాళ్ల కాలేజీ జిమ్‌లో దూరారు. తలుపులకి తాళం వేశారు. అవతలి జట్టు కోచ్ జాన్ మెక్‌లెండన్. ఈ ఆటని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ దగ్గరే కాన్సస్‌లో నేర్చుకున్నాయన. ఫలితం 88-44, నల్లవాళ్ల జట్టు గెలిచింది. తర్వాత రెండు జట్లనీ కలగలిపి, చొక్కా ఉన్నవాళ్లు ఒకవైపు, లేనివాళ్లు ఒకవైపుగా ఇంకో ఆట ఆడుకున్నారట. పోలీసులకి తెలిస్తే జైలే. సంగతి తెలిసిన స్థానిక విలేకరి ఒక్కడు, ఆయన కూడా రాయనని మాటిచ్చి రాయలేదు. 1996 దాకా ఇది బయటి ప్రపంచానికి తెలియదు. ఎనిమిది వేల సీట్ల రాతి హాలు ఊళ్లోనే ఉండగా, ఆ రోజుల్లో ఆడిన గొప్ప ఆటని చూడటానికి ఎవరినీ రానివ్వలేదు. క్యామెరన్ చరిత్ర అడిగినవాళ్లకి నేను ఈ మ్యాచ్ చెప్పకుండా వదలను.

సరే, మళ్లీ హాల్లోకి వద్దాం. అక్కడి అసలు విశేషం బెంచీల అమరికలో ఉంది. చాలా స్టేడియాల్లో కోర్టు పక్కన డబ్బిచ్చేవాళ్లని కూర్చోబెట్టి, విద్యార్థులని పైకి తోలేస్తారు. ఇక్కడ కోర్టు పొడుగు పక్కన, కింది చెక్క మెట్లన్నీ విద్యార్థులవి. డబ్బిచ్చేవాళ్లు పైన. కుర్రాళ్లు మ్యాచ్ అయ్యేదాకా కూర్చోరు. ఎదుటి జట్టువాడు బంతి లోపలికి విసరడానికి గీత దగ్గర నిలబడితే వాడి చెవికి జానెడు దూరంలో వందమంది చేతులు ఆడిస్తూ అరుస్తుంటారు. పైకప్పు తక్కువ ఎత్తు, చుట్టూ గట్టి గోడలు, అరుపు ఎటూ పోదు, తిరిగి కోర్టు మీదే పడుతుంది. ఎవరూ శబ్దం కోసం అలా గీసి ఉండరు, 1940లో పైకప్పు ఖర్చు తగ్గించడానికే అయి ఉంటుందని నా అంచనా. అరవై ఏళ్లు ఏసీ కూడా లేదు. బయట మంచు పడుతుంటే లోపల మన మే నెల.

ఈ అల్లరి మూకకి క్యామెరన్ క్రేజీస్ అని పేరు. వాళ్ల కథల్లో నాకు నచ్చినవి రెండు చెబుతాను. 1979 ఫిబ్రవరి 24. నార్త్ కరోలినా కోచ్ డీన్ స్మిత్ బంతిని ఆడనివ్వకుండా అటూ ఇటూ పాస్ చేయిస్తూ కాలం గడిపించాడు. షాట్ కొట్టడానికి సమయ పరిమితి అప్పటికి లేదు. సగం ఆట అయ్యేసరికి డ్యూక్ 7, కరోలినా 0. ఏడు, సున్నా! ఆ సగంలో కరోలినా ఆటగాడు యొనకోర్ వేసిన షాట్ రింగుకి, బోర్డుకి దేనికీ తగల్లేదు. గ్యాలరీ అంతా రాగం తీసి "ఎయిర్... బాల్" అని అందుకుంది. ఈనాడు ప్రపంచంలో ఏ కోర్టులోనైనా వినిపించే ఆ ఎగతాళి అక్కడే పుట్టిందని చెప్పుకుంటారు. మ్యాచ్ 47-40తో డ్యూక్‌దే.

రెండోది 1984 జనవరి. మేరీలాండ్ మ్యాచ్‌లో కుర్రాళ్లు హద్దు దాటారు. ఒక ఆటగాడి మీద కేసు ఆరోపణని పట్టుకుని అసహ్యంగా అరిచారు, వస్తువులు విసిరారు. యూనివర్సిటీ ప్రెసిడెంట్ టెర్రీ శాన్‌ఫర్డ్, ఒకప్పటి రాష్ట్ర గవర్నర్, విద్యార్థులందరికీ ఉత్తరం రాశాడు. శిక్ష ఊసెత్తలేదు. తిట్టకుండా కూడా తెలివిగా ఏడిపించొచ్చు, ప్రయత్నించండి అని చెప్పి, కింద 'అంకుల్ టెర్రీ' అని సంతకం పెట్టాడు. తర్వాతి మ్యాచ్ నార్త్ కరోలినాతో. పిల్లలంతా తల మీద వెండి కాగితంతో దేవదూతల వలయాలు చేసుకుని వచ్చారు. రిఫరీ తప్పు నిర్ణయం ఇచ్చినప్పుడల్లా మామూలు బూతుకి బదులు, "అయ్యా, మేము మీతో ఏకీభవించలేకున్నాము" అనే అర్థం వచ్చే మర్యాద మాట బృందగానం చేశారు. బాబాయి ఉత్తరానికి అంతకంటే మంచి జవాబు ఉండదు.

1986 ఈ హాలుకి విచిత్రమైన సంవత్సరం. జనవరి 18న పది మైళ్ల దూరంలో నార్త్ కరోలినా వాళ్లు 21 వేల మంది పట్టే కొత్త స్టేడియం తెరిచారు. మొదటి మ్యాచ్ డ్యూక్‌తోనే, 95-92తో గెలిచారు కూడా. ఇక డ్యూక్ కూడా పెద్దది కట్టక తప్పదని అనుకోవాల్సిన సమయం అది. ఆ చలికాలమే డ్యూక్‌లో ఒక హాస్టల్ కుర్రాళ్లు కరోలినా మ్యాచ్ సీట్ల కోసం రోజుల ముందు నుంచే స్టేడియం ముందు గడ్డిలో గుడారాలు వేశారు. అది ఏటేటా పెరిగి ఊరైంది. డ్యూక్ కోచ్ మైక్ షెషెఫ్‌స్కీ పేరు మీద దానికి షెషెఫ్‌స్కీవిల్ అని పేరు. ఆ పేరు పలకలేనివాళ్లు, అంటే అందరూ, కె-విల్ అంటారు. సీట్లు తక్కువ కాబట్టే గుడారాలు పుట్టాయి, గుడారాల వల్లే ఆ సీట్లకి విలువ పెరిగింది. ఈ గుట్టు తెలిశాక దాన్ని పగలగొట్టి పెద్దది కట్టే పిచ్చివాడు ఎవరుంటాడు? 1980ల చివర్లో లోపల బాగుచేసి, విద్యార్థులకి ఇంకొన్ని మెట్లు కలిపి 9,314కి తెచ్చారు, అక్కడితో ఆపేశారు. 2016లో ముందు అద్దాల ప్రవేశం కట్టారు. ఇంకేమీ సాగదీయలేదు. 1990 నుంచి మగపిల్లల జట్టుకి టికెట్లు మిగిలిన మ్యాచ్ లేదు.

అదే 1986 వసంతంలో ఇంకో రకం గుడిసెలు లేచాయి. దక్షిణాఫ్రికా వర్ణవివక్షకి నిరసనగా విద్యార్థులు చాపెల్ ముందు రేకుల షెడ్లు వేశారు. అందమైన క్యాంపస్ పాడవుతోందని ఒకరు విద్యార్థి పత్రికకి రాశారు. దానికి జవాబు ఒక రెండో ఏడాది విద్యార్థిని రాసింది: ఈ క్యాంపస్ గీసింది మా ముత్తాతల తరంలోని జూలియన్ ఏబెల్, నల్లజాతివాడు, ఆయన ఉంటే ఈ షెడ్లకి మద్దతే ఇచ్చేవాడు, అని. ఏబెల్ ఆమెకి వరసకి ముత్తాత. చాలామంది డ్యూక్ వాళ్లు ఆ పేరు వినడం అదే మొదలు. తర్వాత ఆయన చిత్రపటం పెట్టారు. వెస్ట్ క్యాంపస్ నడిమి ఆవరణకి ఏబెల్ క్వాడ్ అని పేరు పెట్టడానికి 2016 దాకా పట్టింది.

కోర్టు గెలుపోటముల చిట్టా అడగలేదు కాబట్టి క్లుప్తంగా. అందరూ కోచ్ కె అనే షెషెఫ్‌స్కీ 1980లో వచ్చాడు, 1991, 1992, 2001, 2010, 2015లో అయిదు జాతీయ టైటిళ్లు తెచ్చాడు. 2000 నవంబర్‌లో డ్యూక్‌తో ఆయన 500వ గెలుపు రోజున కోర్టుకి ఆయన పేరు పెట్టారు. 2022 మార్చి 5న క్యామెరన్‌లో ఆయన ఆఖరి మ్యాచ్. పాత శిష్యులంతా వచ్చి వరసగా నిలబడ్డారు. వచ్చిన జట్టు నార్త్ కరోలినా. పండగ చెడగొట్టి 94-81తో గెలిచి వెళ్లారు. మా అపార్ట్‌మెంట్‌లో ఆ రాత్రి కొందరు అన్నం తినలేదు. నేను తిన్నాను, కానీ ఆలస్యంగా.

మీ తమ్ముడి టికెట్ సంగతి. గుడారాల ఊరు డిగ్రీ పిల్లలది. ఎమ్మెస్, పీహెచ్‌డీ వాళ్లకి వేరే పద్ధతి, దాన్ని క్యాంపౌట్ అంటారు. సెప్టెంబర్‌లో ఒక వారాంతం, దాదాపు 36 గంటలు పార్కింగ్ స్థలంలో ఉండాలి. రాత్రి, పగలు ఎప్పుడు పడితే అప్పుడు సైరన్ మోగుతుంది. మోగిన కొద్ది నిమిషాల్లో వెళ్లి హాజరు వేయించుకోవాలి. చివరిదాకా నిలిచినవాళ్ల పేర్లు లాటరీలో వేసి సీజన్ టికెట్లు కొనుక్కునే అవకాశం ఇస్తారు. మేము ఆరుగురు తెలుగువాళ్లం కలిసి అద్దె ట్రక్కు ఒకటి తీసుకుని, అందులో పరుపులు, రైస్ కుక్కర్, రెండు సీసాల ఆవకాయ వేసుకుని వెళ్లాం. ఇద్దరికి తగిలింది. సీజనంతా ఆ రెండు టికెట్లూ ఆరుగురి మధ్య తిరిగాయి. నియమాలు ఏటా కాస్త మారుతుంటాయి, కాబట్టి ఆగస్టులో దిగగానే సీనియర్లని అడగమనండి. తగలకపోయినా దిగులు వద్దు. ఆడపిల్లల జట్టు మ్యాచ్‌లూ ఇదే హాల్లో జరుగుతాయి, టికెట్ తేలిగ్గా దొరుకుతుంది, ఆట బాగుంటుంది.

మీరు చూడటానికి వచ్చినప్పుడు మాత్రం మ్యాచ్ లేని రోజు పొద్దున్నే వెళ్లండి. ముందువైపు అద్దాల ప్రవేశం కొత్తది, అక్కడ ఎక్కువసేపు వద్దు. పక్కకి నడిస్తే పాత రాతిగోడ వస్తుంది. అక్కడ ఒకసారి చెయ్యి ఆన్చి చూడండి, ఎండలో కూడా చల్లగా ఉంటుంది. ఆ తర్వాత చాపెల్ వైపు పది నిమిషాలు నడిస్తే ఏబెల్ క్వాడ్.

తమ్ముడికి సీటు వచ్చినందుకు నా తరఫున అభినందనలు చెప్పండి. ఆ సెప్టెంబర్ వారాంతానికి రైస్ కుక్కర్ కావాలంటే నాది ఇంకా పనిచేస్తోంది.